గోడ మీద కాసిన మిరప

ఆ జనవరిలో నేను వేములబండ వెళ్ళింది ఒక ట్రాక్టరు మీద పేరు రాయడానికి. వినుకొండ నుంచి తొమ్మిది కిలోమీటర్లు. దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. టీవీఎస్ మీద పోతుంటే ఆ ఘాటుకి రెండుసార్లు తుమ్మాను. వేములబండ పొలిమేర దాటాక ఘాటు ఆగిపోయింది. కల్లాలన్నీ ఖాళీ. ఒకదాంట్లో గొర్రెలు పడుకుని ఉన్నాయి.

ఊరి మొదట్లోనే యలమందయ్యగారి ఇల్లు. రోడ్డు వైపు పొడవాటి గోడ. దాని మీద మేము రాసిన ప్రకటన ఉంది. మేము అంటే నేనూ, జక్రయ్యా. ముప్పై ఏళ్ళుగా ఇద్దరం కలిసి గోడలు రాస్తున్నాం. అక్షరాలు అతనివి, బొమ్మలు నావి. ఫ్లెక్సీలొచ్చాక పట్నంలో మా పని పోయింది కానీ, పల్లెల్లో విత్తనాల కంపెనీలు ఇంకా గోడలే అడుగుతాయి. కిందటి జూన్‌లో ఆ ఊళ్ళో పధ్నాలుగు గోడల మీద ఒకటే రాశాం. "కనకజ్వాల మిరప. నాటండి, నవ్వండి." పక్కన నేను గుత్తులుగా వేలాడే ఎర్రటి కాయలు వేశాను. బాగా వచ్చాయి. దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు.

యలమందయ్యగారు ఆ గోడ ముందు నిలబడి, తట్టలోంచి పేడ ముద్దలు తీసి నా బొమ్మకేసి కొడుతున్నారు. ఆయనకి అరవై ఐదేళ్ళుంటాయి. గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. నన్ను చూసి కూడా చెయ్యి ఆపలేదు.

"ఏరా సుభానీ, కాయ నీ గోడ మీద కాసిందిరా. నా చేలో కాయలేదు."

"ఏమైందండీ?"

"రా, చూద్దువుగాని."

చేను ఇంటి వెనకే. మొక్కలు నడుము లోతున ఉన్నాయి. ఆకు నల్లగా నిగనిగలాడుతోంది. దూరం నుంచి చూస్తే ఎవరికైనా కళ్ళు చల్లబడతాయి. ఆయన వంగి ఒక మొక్క కొమ్మలు విడదీసి చూపించారు. కాయ లేదు. పక్క మొక్క. అక్కడా లేదు. సాలు పొడుగునా అలా విడదీసి చూపిస్తూ నడిచారు. నేను చాలు అనలేక వెనకే నడిచాను.

"కంపెనీవాళ్ళని అడగలేదా?"

"అడిగాం. వాతావరణం అన్నారు. పక్క ఊరికి వేరే వాతావరణం ఉందట్రా? శాస్త్రవేత్తలొచ్చి ఆకులు కోసుకుని సంచుల్లో పట్టుకెళ్ళారు. మళ్ళీ రాలేదు." ఆయన చేతికంటిన పేడ మట్టిలో రుద్దుకున్నారు. "ఆ కంపెనీవాడి మొహం నేనెప్పుడూ చూడలేదు. నువ్వు తెలుసు. జక్రయ్య తెలుసు. మా అమ్మాయి పెళ్ళికి పందిట్లో పేర్లు రాసింది మీరే. మీ చేత్తో రాశారు కదా అని వేశాన్రా."

ట్రాక్టరు మీద పేరు రాయకుండానే తిరిగొచ్చాను.

*

జక్రయ్య ఇల్లు వినుకొండలో చర్చి వీధి చివర. సెప్టెంబరులో అతనికి పక్షవాతం వచ్చింది. కాలు కొంత తిరిగొచ్చింది గానీ కుడి చెయ్యి రాలేదు. అప్పట్నుంచీ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, వీధిలో పోయే ఆటోల మీది అక్షరాలకి వంకలు పెడుతూ ఉండేవాడు. చూసింది చూసినట్టు చెప్పాను. విన్నంతసేపూ నా మొహం చూడలేదు.

"రాసింది నేనురా," అన్నాడు చివరికి. "నువ్వు బొమ్మే వేశావు. అబద్ధం అక్షరాల్లో ఉంది."

"ఆయన పేడ కొట్టింది నా బొమ్మకి. అక్షరాల జోలికి పోలేదు. చదువురాని వాళ్ళు కూడా నా కాయలు చూసే వేశారు."

"నాటండి అన్నది నేను."

"కాయించింది నేను."

తప్పు నాదంటే నాదని ఇద్దరం గొంతులు పెంచుకున్నాం. జక్రయ్య భార్య ప్రేమమ్మ వంటింట్లోంచి వచ్చి, "అన్నయ్యా, ఆయనకి బీపీ," అంది. అప్పుడు ఆపాం.

జక్రయ్య కూతురు స్తుతి గడప మీద కూర్చుని ఇదంతా వింటోంది. హైదరాబాదులో చిత్రకళ చదివి ఆ సంక్రాంతి ముందే ఇంటికొచ్చింది. ఆ పిల్ల చేసేవి నాకు అర్థమయ్యేవి కావు. ఒకసారి కూలగొట్టిన ఇళ్ళ తలుపులు తెచ్చి వరసగా నిలబెట్టి, అది తన బొమ్మంది. "ఇప్పటి కళ ఇలాగే ఉంటుంది బాబాయ్. గోడకి తగిలించేదే బొమ్మ కానక్కర్లేదు," అనేది. మార్చిలో విజయవాడలో జరిగే పెద్ద ప్రదర్శనకి ఆ పిల్లని పిలిచారు. ఒక గది మొత్తం ఇచ్చారు. దాంట్లో ఏం పెట్టాలా అని నెల నుంచీ నోట్‌బుక్కులో గీతలు గీసుకుంటోంది.

"సున్నం కొట్టేద్దాం," అన్నాను. "పధ్నాలుగు గోడలూ మనమే వెళ్ళి తెల్లగా చేసొద్దాం. రోజూ అది చూస్తూ బతకడం వాళ్ళకి శిక్ష."

జక్రయ్య తలూపాడు.

"సున్నం వేస్తే అబద్ధం పోదు బాబాయ్, కనపడదంతే," అంది స్తుతి. "వచ్చే జూన్‌లో ఆ తెల్ల గోడ మీదే ఇంకో కంపెనీ ఇంకోటి రాయిస్తుంది. ఉన్నదాన్ని ఉంచి, దాని కిందే రాద్దాం. చేలో ఏం జరిగిందో ఆ ఇంటివాళ్ళే చెప్తారు. మీ అక్షరాల్లో నాన్నా. బాబాయ్ చెట్టుని ఉన్నదున్నట్టు వేస్తాడు."

"నా చెయ్యి పనిచెయ్యదని నీకు తెలీదా?" అన్నాడు జక్రయ్య.

"ఎడమ చెయ్యి ఉందిగా."

అతను ఆ పిల్ల వైపు కోపంగా చూశాడు. కాసేపటికి నా వైపు తిరిగి, "కోటేష్ ఊరుకుంటాడా?" అన్నాడు.

అది నన్ను అడగాల్సిన ప్రశ్నే. కోటేష్‌ది వినుకొండలో ఎరువులు, పురుగుమందుల కొట్టు. కనకజ్వాల డీలరు అతనే, మాకు ఆ గోడల పని చెప్పిందీ అతనే. అతని గోడౌను వెనక రెండు గదుల్లో నేనూ, నా భార్య మెహర్ పదకొండేళ్ళుగా ఉంటున్నాం. గోడౌను కాపలా చూసుకుంటే చాలు, ఆ గదులు మావే అన్నట్టుండేది.

"చూద్దాంలే," అన్నాను.

*

మొదటి గోడ యలమందయ్యగారిదే. పేడ కడిగి, నేను నా కాయల మీద ఆకులు వెయ్యడం మొదలుపెట్టాను. ఒక్కో కాయని ఒక్కో ఆకుతో కప్పుకుంటూ పోవాలి. స్తుతి పక్కనే నిలబడి, "పల్చగా వెయ్యి బాబాయ్. కింద ఎరుపు కొంచెం తెలియాలి," అంటోంది. పల్చగా వేస్తే ఆకుపచ్చ కింద ఎరుపు మగ్గి, ఎండిన రక్తంలా కనిపించింది. ముప్పై ఏళ్ళలో నేనెప్పుడూ అలాంటి రంగు వెయ్యలేదు. అందంగా లేదు. కానీ చేను సరిగ్గా అలాగే ఉంది.

జక్రయ్యని ఆటోలో తీసుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టాం. నిలబడి రాయలేడు కాబట్టి, ప్రకటన కింద, నేల నుంచి మోకాలెత్తులో అతనికి జాగా వచ్చింది.

"ఏం రాయమంటారు?" అని అడిగాడు యలమందయ్యగారిని.

ఆయన గోడ మీది పాత మాట ఒకసారి చదువుకున్నారు. "నాటాను. నవ్వలేదు. అంతే రాయి. కింద నా పేరు."

జక్రయ్య ఎడమ చేత్తో కుంచె పట్టుకున్నాడు. దారం పట్టకుండానే గీత గీసినట్టు తిన్నగా రాయగలవాడు ఒకప్పుడు. ఇప్పుడు 'నా' రాయడానికే చెమట పట్టింది. దీర్ఘం కిందికి జారిపోయింది. రెండో అక్షరం మొదటిదానికంటే పెద్దదైంది. 'టా' దగ్గర కుంచె విసిరేశాడు.

"ఇది అక్షరమా? కోడి కెలికినట్టుంది. నా వల్ల కాదు, సుభానీ చేత రాయించండి."

యలమందయ్యగారు వంగి ఆ రెండు అక్షరాలూ చూశారు. "చదవడానికి వస్తోందిగా," అన్నారు. "మొన్న చాలా అందంగా రాశావు జక్రయ్యా. ఏం లాభం?"

నేను కుంచె తీసి, మట్టి తుడిచి, రంగులో ముంచి ఇచ్చాను. తీసుకున్నాడు. అతని మణికట్టు కింద నా అరచెయ్యి ఆనించాను, నిచ్చెన కాలికి ఆసరా ఇచ్చినట్టు. వద్దనలేదు. అక్షరం నడిపింది అతనే. నేను బరువు మోశానంతే.

పొద్దు తిరిగేసరికి అయిపోయింది. యలమందయ్యగారి భార్య సుబ్బరావమ్మ గిన్నెలు కడుగుతూ లేచి వచ్చి, చేతులు చీరకి తుడుచుకుని చదివింది.

"ఈయన నాటాడా? నాటింది నేను. నీళ్ళు కట్టింది నేను. కలుపు తీసింది నేను. ఈయన పేరొక్కటే ఉంటే ఎట్లా?"

"ఏం రాయమంటావక్కా?" అన్నాను.

"ఇప్పుడు చెప్పిందే రాయి."

రాశాం. ఆ మర్నాడు పక్కింటివాళ్ళు వాళ్ళ గోడ ఎప్పుడని అడిగారు.

*

మూడు వారాల్లో పదకొండు గోడలయ్యాయి. కౌలుకి చేస్తున్న నాగజ్యోతి, "చేను వేరేవాళ్ళది, విత్తనం వేరేవాళ్ళది, కష్టం ఒక్కటే నాది," అని రాయించింది. బాలు అని ముప్పై ఏళ్ళ రైతు, "ఆకులు పట్టుకెళ్ళిన శాస్త్రవేత్తలారా, మా ఇంటి అడ్రసు ఇదే," అని ఇంటి నంబరుతో సహా రాయించాడు. ఆ రోజు ఊరంతా వాళ్ళ గోడ దగ్గరికొచ్చి నవ్వింది. ఆ ఊళ్ళో నవ్వు వినపడి చాలా రోజులైందని సుబ్బరావమ్మక్క అంది. జక్రయ్య అక్షరం తిన్నగా రాలేదు గానీ, నా చెయ్యి అవసరం తగ్గుతూ వచ్చింది.

ప్రదర్శన చూసుకునే అఖిలగారు విజయవాడ నుంచి ఒకరోజు కారులో వచ్చారు. ఎండలో ప్రతి గోడ ముందూ నేల మీద కూర్చుని చదివారు.

"అక్షరాలు కావాలనే ఇంత కింద పెట్టారు కదా? చూసేవాళ్ళు రైతు ముందు వంగాలని," అని అడిగారు.

"నిలబడలేక కూర్చుని రాశానమ్మా," అన్నాడు జక్రయ్య.

ఆవిడ ఒక్క క్షణం తెల్లబోయి, గట్టిగా నవ్వారు. గోడలన్నిటికీ నిలువెత్తు ఫొటోలు తీసి స్తుతికిచ్చిన గదిలో పెడదామన్నారు. కింద కళాకారిణి స్తుతి అని వేస్తామంటే, స్తుతి ఒప్పుకోలేదు. "మా నాన్న పేరు, సుభానీ బాబాయ్ పేరు, మాట చెప్పిన వాళ్ళందరి పేర్లు ఉండాలండీ," అంది. అఖిలగారు అలాగేనన్నారు.

ఆ వారంలోనే ఎవరో ఆ గోడల ఫొటోలు ఫోన్లలో పంపించారు. మర్నాడు కోటేష్ వేములబండకే వచ్చాడు. బండి దిగకుండా నన్ను పిలిచాడు.

"ఏం సుభానీ, నా నీడలో ఉంటూ నా కొట్టు మీదే రాస్తున్నావా?"

"మీ పేరెక్కడా రాయలేదండీ."

"కంపెనీ పేరుంది. వాళ్ళు పొద్దున్నుంచీ ఫోన్లు. పరువునష్టం కేసంటున్నారు. నేనూ మునిగినవాణ్ణే, ఆ విత్తనం నేనేమన్నా తయారుచేశానా?" అని, గొంతు తగ్గించాడు. "రేపు సాయంత్రానికి గోడలు తెల్లగా ఉండాలి. లేకపోతే ఎల్లుండి గదులు ఖాళీ చెయ్యి. నాకు ఇంకో దారి లేదు."

ఆ రోజు నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. జక్రయ్యకీ చెప్పలేదు, మెహర్‌కీ చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే ఒక బకెట్టు నిండా సున్నం కలుపుకుని బండికి తగిలించుకుని వేములబండ వెళ్ళాను. ఈ మాట చెప్పడానికి నాకు ఇప్పటికీ మొహం చెల్లదు. మొదటి గోడ ముందు బకెట్టు దించేసరికి జక్రయ్య ఆటో వచ్చి ఆగింది. ఆ రోజు త్వరగా బయల్దేరారట.

"ఏంటిరా అది?" అన్నాడు.

"సున్నం."

స్తుతి ఏదో అనబోతే చేత్తో ఆపాడు. నేను చెప్పుకొచ్చాను. గదులు, కోటేష్, అతనిచ్చిన గడువు. జక్రయ్య స్టూలు మీద కూర్చోకుండా నిలబడే విన్నాడు.

"నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఆపేస్తావని."

"ఆపేసేవాణ్ణేరా. నీ ఇల్లు పోతుందంటే ఆపనూ?" అన్నాడు. "అందుకే చెప్పాల్సింది."

అని వంగి, ఎడమ చేత్తో బకెట్టులోంచి సున్నం కుంచె తీశాడు. తెల్లటి చుక్కలు అతని చొక్కా మీద పడ్డాయి. కాలు ఈడ్చుకుంటూ గోడ దగ్గరికి నడిచాడు. తను నాలుగు గంటలు చెమటోడ్చి రాసిన 'నాటాను' మీదికి కుంచె ఎత్తాడు. అతను బెదిరించడం లేదు. నిజంగా చెరిపేసేవాడే. నా కోసం ఆ పదకొండు గోడలూ ఎడమ చేత్తో తనే తెల్లగా చేసేవాడు.

నేను వెళ్ళి కుంచె తీసేసుకున్నాను.

"ఏమైంది?" అన్నాడు.

"ఇంకా మూడు గోడలున్నాయి. రంగు కలుపుతాను, కూర్చో."

సుబ్బరావమ్మక్క గడపలో నిలబడి అంతా చూస్తోందని అప్పుడే గమనించాను. ఆవిడ దిగొచ్చి బకెట్టు అందుకుంది.

"ఇంత సున్నం కలిపి పారబోస్తారా? దొడ్లో పాక గోడ రెండేళ్ళుగా వెలిసిపోయి ఉంది. దానికి కొట్టుకుంటాను," అని లోపలికి పట్టుకెళ్ళింది.

*

మధ్యాహ్నం ఇంటికెళ్ళేసరికి మెహర్ కుట్టు మిషను బెల్టు విప్పి, తలకాయ భాగాన్ని దుప్పట్లో చుడుతోంది. అప్పటికే సామాను సగం మూటలు కట్టింది.

"నీకెవరు చెప్పారు?"

"పొద్దున కోటేష్ గుమాస్తా వచ్చి, గదులు ఎప్పుడు ఖాళీ చేస్తారని అడిగాడు. నిన్నటి నుంచీ మీ మొహం చూస్తూనే ఉన్నాను. అడిగితే చెప్తారా మీరు?"

"రేపటి దాకా టైముంది."

"రేపటి దాకా ఆ కోటేష్ దయ మీద ఎందుకు? ఈ పూటే పోదాం."

"ఎక్కడికి?"

దుప్పటి ముడి బిగించి, నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు చూసింది. "జక్రయ్య అన్నయ్య ఇంటికి. ఇంకెక్కడికి?"

మేం వెళ్ళేసరికి ప్రేమమ్మ ముందు గది ఖాళీ చేసి కడిగి ఉంచింది. జక్రయ్య ఫోన్ చేసి చెప్పాడట, మేము వస్తామని. నేను వస్తానని చెప్పకముందే. రెండు గదుల ఇంట్లో ఐదుగురం. ప్రేమమ్మ ఒక పొయ్యి మెహర్‌కి ఇచ్చింది. వారం తిరక్కుండానే రెండు పొయ్యిలూ ఒకటే వంట అయింది. శుక్రవారం నేను మసీదు నుంచీ, ఆదివారం వాళ్ళు చర్చి నుంచీ వచ్చేదాకా రెండోవాళ్ళు అన్నం ముట్టుకోకపోవడం అలవాటైంది. మొన్న ఒకరోజు స్తుతి నన్ను బయటివాళ్ళకి పరిచయం చేస్తూ "మా ఇంట్లో బాబాయ్" అంది. అప్పటిదాకా "నాన్న ఫ్రెండు" అనేది.

మిగిలిన మూడు గోడలూ ఫిబ్రవరి నెలాఖరుకి పూర్తిచేశాం. అప్పుడు అఖిలగారి ఫోనొచ్చింది. అందరం అన్నాల దగ్గర ఉన్నాం. స్తుతి స్పీకరు పెట్టింది.

"ప్రదర్శనకి సాయం చేస్తున్నవాళ్ళలో ఆ కంపెనీ కూడా ఉంది స్తుతీ. నాకిప్పుడే తెలిసింది. ఫొటోల్లో వాళ్ళ పేరు, ఆ నినాదం మసకగా చేసేస్తే మిగతాదంతా అలాగే పెడదాం. నీకు దేశంలో పేరొచ్చే గది అది. ఆలోచించు."

"ఆ పేరు మసక చేస్తే యలమందయ్యగారు ఎవరికి జవాబు చెప్తున్నట్టండీ?"

"నేను నీ వైపేనమ్మా. కానీ..."

"తెలుసు మేడమ్. మీ మీద కోపం లేదు. గది ఇంకెవరికైనా ఇవ్వండి."

ఫోను పెట్టేశాక ఆ పిల్ల చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నాలుగేళ్ళుగా ఆ గది కోసమే చూసింది. "నాన్నా, తప్పు చేశానా?" అంది.

"సుభానీగాడి ఇల్లు పోయింది. నీ గది పోయింది," అన్నాడు జక్రయ్య. "ఇక నాదేం పోవాలో చూడాలి. ముందు అన్నం తిను."

మెహర్ కూర వడ్డిస్తూ, "గది లేకపోతే గోడలు లేవా? అవి ఊళ్ళోనే ఉన్నాయిగా. చూడాలనుకునేవాళ్ళు బస్సెక్కి వస్తారు," అంది మామూలుగా.

స్తుతి తలెత్తి ఆమె వైపు చూసింది. మర్నాటి నుంచీ ఆ పిల్ల ఫోను చెవి నుంచి దించలేదు.

*

గోడలు చూడ్డానికి ఊరికే రమ్మని స్తుతి అందర్నీ పిలిచిన రోజుకి వారం ముందు కంపెనీ నుంచి వకీలు నోటీసొచ్చింది. రిజిస్టరు పోస్టులో, జక్రయ్య పేరు మీద. పదిహేను రోజుల్లో గోడలు చెరిపి క్షమాపణ చెప్పకపోతే కోర్టుకి లాగుతామని. ప్రేమమ్మ ఏడ్చింది. జక్రయ్య స్తుతి చేత తెలుగులో రెండుసార్లు చదివించుకున్నాడు.

"క్షమాపణ వాళ్ళు నన్నడుగుతున్నారా?" అన్నాడు. "పద సుభానీ."

సుబ్బరావమ్మక్క పాక గోడ తెల్లగా మెరుస్తోంది. ఆ నోటీసు మొత్తం, తేదీతో సహా, ఆ గోడ మీద రాశాం. రెండు రోజులు పట్టింది. ఈసారి జక్రయ్య నా చెయ్యి పట్టనివ్వలేదు. చివర్లో ఊరివాళ్ళు తలా ఒక మాట చెప్పబోతే, "జవాబు వద్దు. వాళ్ళ మాట వాళ్ళదిగానే ఉండనివ్వండి. చదివినవాళ్ళే చెప్తారు," అన్నాడు. ఊరివాళ్ళంతా కలిసి వినుకొండలో ఒక వకీలుని మాట్లాడుకున్నారు. నోటీసుకి కాగితం మీద జవాబు ఆయన పంపాడు.

మార్చి మూడో ఆదివారం. గుంటూరు నుంచి, ఒంగోలు నుంచి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం వచ్చారు. కాలేజీ పిల్లలు ఒక బస్సు. అఖిలగారు తన కారులో ఒంటరిగా వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా జనంలో కలిసి నడిచారు. ప్రతి ఇంటి ముందూ ఆ ఇంటివాళ్ళు నిలబడ్డారు. వచ్చినవాళ్ళు గోడ ముందు గొంతుక్కూర్చుని చదివి, లేచి, పక్కనే నిలబడ్డ మనిషి మొహం చూసేవాళ్ళు. నాగజ్యోతి ఒక పట్నపు ఆవిణ్ణి చేలోకి తీసుకెళ్ళి కొమ్మలు విడదీసి చూపిస్తోంది. యలమందయ్యగారు కొత్త పంచె కట్టుకున్నారు. ఒక కుర్రాడు ఆయన్ని, "దీన్ని మీరు కళ అంటారా?" అని అడిగాడు.

"ఏమో నాయనా. అంతకుముందు ఈ గోడ మీద ఉన్నదాన్ని ఎవరూ ఏమీ అడగలేదు," అన్నారాయన.

పదకొండు గంటలకి కంపెనీ జీపొకటి ఊరి మొదట్లో వచ్చి ఆగింది. ముగ్గురు మనుషులు. అద్దాలు దించకుండా లోపలి నుంచే ఫొటోలు తీస్తున్నారు. జనం గొంతులు తగ్గాయి. సుబ్బరావమ్మక్క మజ్జిగ చెంబు, గ్లాసులు పట్టుకుని నేరుగా జీపు దగ్గరికి నడిచి, అద్దం మీద తట్టింది.

"ఎండలో లోపలెందుకు నాయనా ఉడికిపోతారు? దిగండి. మజ్జిగ తాగి, అన్నీ చదివెళ్ళండి. మీ నోటీసు కూడా రాశాం, మా పాక దగ్గరుంది."

అద్దం దిగలేదు. ఆవిడ కదల్లేదు. గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె వెనక నాగజ్యోతి వెళ్ళి నిలబడింది. తర్వాత మెహర్, ప్రేమమ్మ. కాసేపటికి జీపు వెనక్కి తిరిగింది. దుమ్ము అణిగాక సుబ్బరావమ్మక్క ఆ మజ్జిగ తనే తాగేసి వచ్చింది.

ఆ తర్వాత ఏమైందంటే, కోర్టు కేసు ఇంకా నడుస్తోంది. వాయిదాకి నేనూ జక్రయ్యా కలిసే వెళ్తాం. ఆకుల రిపోర్టు ఇప్పటికీ రాలేదు. బాలు ప్రతి పోస్టుమ్యాన్నీ అడుగుతాడు. పల్నాటిలో ఏ డీలరూ మాకు గోడ పని చెప్పడం లేదు. మెహర్ మిషను మీదా, ప్రేమమ్మ అంగన్‌వాడీ జీతం మీదా చాలా నెలలు నడిచాం. స్తుతి హైదరాబాదు తిరిగి వెళ్ళలేదు.

కానీ నేను చెప్పాలనుకుంటున్నది ఆ ఆదివారం సాయంత్రం సంగతి. బస్సు వెళ్ళిపోయింది. జక్రయ్య అలసిపోయి స్టూలు మీద కళ్ళు మూసుకున్నాడు. నేను కుంచెలు కడుగుతున్నాను. దర్శి వైపు నుంచి మోటారు సైకిలు మీద ఒక రైతూ, అతని భార్యా ఆలస్యంగా వచ్చారు. ఇద్దరూ గోడలన్నీ తిరిగి, మా దగ్గరికొచ్చి నిలబడ్డారు. ఆమె అడిగింది.

"ఇవి రాసింది మీరేనాండీ?"

"మేమే," అన్నాను.

"మాది పత్తి. పూత రాలేదు. కంపెనీ వేరే, మాట ఇదే. మా ఊళ్ళో కూడా గోడలున్నాయండీ."

జక్రయ్య కళ్ళు తెరిచాడు. ఆమె వైపు చూసి, తర్వాత నా వైపు చూశాడు. కోర్టు, నోటీసు, ఐదుగురం పడుకునే రెండు గదులు, అన్నీ ఆ చూపులో ఉన్నాయి. నేను కడిగిన కుంచెలు దులిపాను.

"ఎన్ని గోడలమ్మా?" అని అడిగాడు.

"ఊరంతా," అంది ఆమె.

"బుధవారం వస్తాం," అన్నాడు జక్రయ్య. "స్టూలు మీ ఊళ్ళోది వద్దు, మాదే తెచ్చుకుంటాం."